డ్రిల్లు మాస్టారి దస్తూరి

"కాస్త ఇది చూసి పెట్టు" అని ఏసుపాదం నాలుగు మడతల కాగితమొకటి పొయ్యిగట్టు మీద పెట్టి దొడ్లోకి స్నానానికి వెళ్లిపోయాడు. దేవకుమారి చేతులు బియ్యం కడిగే నీళ్లలో ఉన్నాయి. కాగితం గాలికి ఎగిరి పొయ్యిలో పడుతుందేమోనని మోచేత్తో ఉప్పు జాడీని దాని మీదికి జరిపింది. వసారాలో కూర్చుని రొయ్యపొట్టు ఏరుతున్న అత్తగారు జ్ఞానమ్మ తల ఎత్తకుండానే, "కాలేజీ కాగితం పొయ్యిగట్టు మీదేంటి? పెద్ద ఉద్యోగం చేసే మగాడి కాగితాలకి మసి అంటితే ఎంత అప్రతిష్ఠ" అంది. అప్రతిష్ఠ ఎవరికో దేవకుమారి అడగలేదు. అవతల ఎసరు మరుగుతోంది.

ఆ ఇంట్లో చూసి పెట్టడమంటే ఏంటో ముందే చెప్పుకోవాలి, లేకపోతే మీరు నిజంగా చూడడమే అనుకుంటారు. కాకినాడ నుంచో నరసాపురం నుంచో వచ్చిన ఉత్తరం చదివి, అందులో ఏముందో మొగుడికి తెలుగులో చెప్పాలి. దానికేం జవాబివ్వాలో ఆయన అడక్కముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఆ జవాబు ఇంగ్లీషులో తప్పు లేకుండా, కొట్టివేత లేకుండా రెండు ప్రతులు రాయాలి. వచ్చే జట్టులో బ్రాహ్మల పిల్లలెందరు, వాళ్లకి సత్రంలో వండేదెవరు, సాయిబుల పిల్లలుంటే ఎక్కడ దింపాలి, మైదానంలో ఎవరి నీళ్లకుండ ఎవరి కుండకి ఎంత దూరంలో పెడితే గొడవ రాదు, పడవ కాలువలో ఏ లాకు తలుపుల దగ్గర ఎన్ని గంటలు ఆగిపోతుంది, ఇవన్నీ వేరే కాగితం మీద వేసి ఉంచాలి. అంతా అయ్యాక ఆయన వచ్చి, చేతులు తుడుచుకుని, పీట మీద కూర్చుని, నాలిక కొంచెం బయటపెట్టి, 'వై. ఏసుపాదం, జిమ్నాస్టిక్ ఇన్‌స్ట్రక్టరు' అని సంతకం పెడతాడు. సంతకం మటుకు చాలా అందంగా పెడతాడు. కింద తోక కూడా తిప్పుతాడు.

ఇది పద్దెనిమిది వందల తొంభై ఒకటి నాటి సంగతి. రాజమహేంద్రవరానికి ఇంకా రైలు రాలేదు, గోదావరి మీద వంతెన లేదు. ఎక్కడికి పోవాలన్నా కాలువ, పడవ. ఏసుపాదం ఊళ్లో ఒక కాలేజీలో డ్రిల్లు మాస్టారు. మద్రాసు వెళ్లి కసరత్తు నేర్చుకొచ్చిన మనిషి. ఇనప కడ్డీ పట్టుకుని గాల్లో గుండ్రంగా తిరగ్గలడు, ఇద్దరు కుర్రాళ్లని చెరో భుజం మీద ఎక్కించుకుని పరిగెత్తగలడు. ఇంగ్లీషులో మాత్రం ఆయనకి వచ్చినవి ఆజ్ఞలే. అటెన్షన్, హాల్ట్, ఎబౌట్ టర్న్. ఆ మూడు మాటలతో ఉత్తరం రాయడం ఎవరివల్ల అవుతుంది చెప్పండి. దేవకుమారి మొగల్తూరు మిషన్ బడి పంతులుగారి కూతురు. బోర్డింగులో ఉండి దొరసాని దగ్గర ఇంగ్లీషు చదువుకుంది, పెళ్లికి ముందు రెండేళ్లు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. పెళ్లయ్యాక జ్ఞానమ్మ, "నువ్వు బడికి పోతే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారమ్మాయ్?" అని ఒక్క మాట అంది, అదీ నెమ్మదిగానే అంది. దాంతో బడి అయిపోయింది. నాలుగేళ్ల కిందట ప్రిన్సిపాలు దొరగారు ఏసుపాదాన్ని పిలిచి, తనకొచ్చిన తెలుగులో, ఇకమీదట పై ఊళ్ల జట్లతో ఆటల పందాలు పెట్టాలి, ఆ రాతకోతలన్నీ నువ్వే చూడాలి, ఆట అయ్యాక మద్రాసు పత్రికకి వార్త కూడా నువ్వే పంపాలి అన్నారు. ఆయన 'ఎస్ సర్' అని వచ్చి, జ్వరం వచ్చినవాడిలా ముసుగు తన్ని పడుకున్నాడు. దేవకుమారే దుప్పటి లాగి, "ఏదీ, ఇలా ఇవ్వండి" అంది. తనే అంది. తర్వాత ఎప్పుడు మనసు చిన్నబుచ్చుకున్నా, అడిగింది ఎవరు, నువ్వే కదా అడిగావు అని తనని తనే కేకలేసుకునేది.

అసలు తమాషా అంతా పత్రిక వార్త దగ్గరే ఉంది. దేవకుమారి ఒక్క ఆట కూడా చూడలేదు. మైదానం ఆ ఇంటికి పట్టుమని అరమైలు లేదు, గాలి ఇటు తిరిగితే చప్పట్లు దొడ్లోకి వినపడతాయి. అయినా ఆడది అక్కడికి వెళ్లొచ్చన్న మాట ఎవరికీ తట్టలేదు, మొదట్లో ఆమెకీ తట్టలేదు. ఆట అవగానే ఏసుపాదం చెమటలు కక్కుకుంటూ వచ్చి, గంజి కలిపే తెడ్డు బ్యాటులా పట్టుకుని, నిమ్మకాయ బంతి చేసుకుని, "ఇదుగో, కాకినాడవాడు ఇక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చాడు, ఇలా విసిరాడు, మనవాడు ఇలా వంగి ఇటు లాగాడు" అని దొడ్డంతా తనే ఆడి చూపించేవాడు. ఒకసారి ఆ నిమ్మకాయ ఎగిరెళ్లి జ్ఞానమ్మ పప్పుకుండలో పడింది. దేవకుమారి అరుగు మీద కూర్చుని రాసుకునేది. "గాలి ఎటు నుంచి ఉందండి? బంతి నేల తాకి లేచిందా, జారిపోయిందా? కొట్టాక ఆ కుర్రాడి మొహం ఎలా ఉంది?" అని అడిగేది. ఆయనకి అన్నీ తెలుసు, అన్నీ చెప్పగలడు, రాయడమొక్కటే రాదు. పెళ్లయిన ఆరేళ్లలో ఆయన ఆమె అడిగిన ప్రతిదానికీ ఆగి, ఆలోచించి, జవాబు చెప్పే గంట అదొక్కటే. ఆ గంట కోసం ఆమె ఎన్ని ఉత్తరాలైనా రాసేది.

ఒకరోజు దొరగారు పత్రిక చేత్తో పట్టుకుని, "ఏసుపాదం, నువ్వు రాసింది చదువుతుంటే మళ్లీ మైదానంలో నా కుర్చీలో కూర్చున్నట్టుంది" అన్నారట. ఆయన ఇంటికొచ్చి గుమ్మంలోంచే, "దొరగారు నన్ను మెచ్చుకున్నారు" అన్నాడు. దేవకుమారికి కడుపు నిండిపోయింది. రోటి దగ్గర కూర్చుని గోంగూర నూరుతూ నూరుతూ సగంలో పొత్రం ఆపింది. నన్ను అన్నాడా, మనల్ని అన్నాడా? నన్ను అనే అన్నాడు. పోనీలే, నోటికి ఎలా వస్తే అలా అన్నాడు, దానికి కూడా లెక్కలేంటి అనుకుంది. అనుకుని నూరింది గానీ ఆ రోజు పచ్చట్లో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. అదొకటి మాత్రం అందరూ గుర్తు పెట్టుకున్నారు.

ఆ మార్చిలో దొరగారికి పెద్ద ఆలోచన వచ్చింది. కాకినాడ, నరసాపురం, బందరు జట్లని పిలిచి మూడు రోజుల క్రికెట్టు పందెం పెట్టాలని. అది సవ్యంగా జరిగి మద్రాసు పత్రికలో ఘనంగా పడితే, ఏటా ఒక కాగితంతో పొడిగిస్తూ వస్తున్న ఏసుపాదం ఉద్యోగాన్ని ఖాయం చేస్తానని కూడా అన్నారు. తేదీ ఎప్పుడు పెడదామని ఆఫీసు గదిలో నలుగురి ముందూ అడిగారు. ఏసుపాదం ఎప్పటిలా "రేపు చెప్తాను సర్" అనబోయాడు. పక్కనే ఉన్న గుమస్తా వీరబ్రహ్మం చిన్నగా నవ్వి, దొరకి వినపడకుండా, "ఇంటికెళ్లి అడిగొస్తారా మాస్టారూ? మీ దస్తూరి భలే గుండ్రంగా ఉంటుందండి, ఆడపిల్లల రాతలాగ" అన్నాడు. ఏసుపాదానికి చెవులు ఎర్రబడ్డాయి. "ఏప్రిల్ ఇరవై సర్" అనేశాడు. ఆ సాయంత్రమే వీరబ్రహ్మం ఉత్తరాలు రాయడం, మూడు ఊళ్లకీ టపాలో వెయ్యడం కూడా అయిపోయింది.

"ఈసారి నీకు శ్రమ లేదులే, అంతా నేనే చూసుకున్నాను" అన్నాడు ఏసుపాదం కంచం ముందు కూర్చుంటూ. "ఉత్తరాలు గుమస్తా రాశాడు. ఇకనుంచి ఆఫీసులోనే రాసేస్తాడట. నువ్వు హాయిగా ఉండొచ్చు." చీర కొనుక్కొచ్చినవాడి మొహంలా వెలిగిపోతోంది ఆయన మొహం. దేవకుమారి అన్నం వడ్డిస్తూ, "తేదీ ఎప్పుడండి?" అంది. చెప్పాడు. ఆమె చేతిలో గరిటె ఆగింది. "ఏప్రిల్ నడిమికి కాలువలు కట్టేస్తారు కదండీ."

డెల్టాలో ఏటా వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేసి, పూడిక తీసి, లాకులు బాగుచేస్తారు. మొగల్తూరులో పుట్టిన పిల్లకి ఆ రోజులు క్రిస్మస్ కన్నా బాగా గుర్తుంటాయి. నీళ్లు తగ్గగానే పడవలన్నీ బురదలో పక్కకి ఒరిగి పడుకుంటాయి. పిల్లలు అడుసులో దిగి చేపలు పట్టుకుంటారు, ఆడవాళ్లు మంచినీళ్లకి బిందెలు పట్టుకుని మైళ్లు నడుస్తారు. ఏసుపాదం పెద్ద గోదావరి గట్టున పుట్టాడు, ఆయన చూసిన నీళ్లు ఎప్పుడూ ఆగలేదు. దొరగారు ఇంగ్లండు సీమలో పుట్టారు. వీరబ్రహ్మం ఆఫీసు బల్ల వదిలి ఊరు దాటినవాడు కాదు. ముగ్గురూ కలిసి, పడవ నడవని రోజుల్లో మూడు ఊళ్ల జట్లని పడవెక్కి రమ్మని రాశారు.

ఏసుపాదం ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి, "ప్రతిదానికీ ఒక వంక పెట్టకపోతే నీకు తోచదు" అన్నాడు. "అంతమంది చదువుకున్నవాళ్లం కూర్చుని పెట్టిన తేదీ. నువ్వు వంటింట్లో కూర్చుని మార్చేస్తావా?" జ్ఞానమ్మ అందుకుని, "మగాడు నవ్వుకుంటూ ఇంటికొస్తే నాలుగు మెతుకులు నవ్వుతూ తిననివ్వాలమ్మాయ్" అంది.  దేవకుమారి మజ్జిగ పోసింది.

ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లోకి ఒక్క కాగితం రాలేదు. పొయ్యిగట్టు ఖాళీగా ఉంది. అంట్లు తోమడం, పిడకలు కొట్టడం, అత్తగారి కాళ్లకి నూనె రాయడం, అన్నీ ఎప్పటివే. అయినా పొద్దు గడవలేదు. హాయిగా ఉండొచ్చు అన్నాడు కదా, ఏదీ హాయి అని వెతుక్కుంది. నిన్నటిదాకా తను బియ్యం ఏరుతుంటే మనసు బందరులో ఉండేది, ఆ కాలేజీ గుమస్తా మళ్లీ జవాబు ఆలస్యం చేస్తున్నాడు, ఈసారి కాస్త ఘాటుగా రాయాలి అనుకునేది. చారు పోపు పెడుతుంటే మనసు నరసాపురం లాకు దగ్గర ఉండేది. గడప దాటకుండా ఎన్ని ఊళ్లు తిరిగింది, ఎంతమంది పెద్దమనుషులతో సమానంగా మాట్లాడింది. వాళ్లంతా 'డియర్ సర్' అని రాసినా జవాబు చెప్పింది తనే కదా. ఇన్నాళ్లూ మొగుడికి సాయం చేస్తున్నానని అనుకుంది. ఇంటిపనుల్లో ఇంకొకటి అనుకుంది. తీరా తీసేసుకున్నాక తెలిసింది, ఆ ఇంట్లో తనదంటూ ఉన్నది ఆ పనొక్కటేనని. తనదైతే దాన్నెవరో ఆఫీసు గదిలో నవ్వుతూ తీసేసుకోగలిగారెలా? తనదని ఎక్కడా రాసి లేదు మరి. తనే రాయలేదు. నాలుగేళ్లలో అన్ని పేర్లు రాసింది, ఆటగాళ్లవి, వంటవాళ్లవి, పడవవాళ్లవి. ఆ మాట తోచగానే పిడక చేత్తో పట్టుకునే ఏడ్చింది. ఏడుపు బాగానే వచ్చింది, ఎవరూ చూడకపోవడంతో తొందరగానే ఆగింది.

మూడోరోజు సాయంత్రం ఏసుపాదం వచ్చి లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చున్నాడు. "రేవులో అడిగాను" అన్నాడు. "పదిహేనో తారీకుకి కట్టేస్తారట. పడవవాళ్లు నవ్వారు." దేవకుమారి నీళ్లచెంబు తెచ్చి పక్కన పెట్టింది. "బాగా నవ్వారా?" అంది. "చంటిపిల్లాడిని చూసి నవ్వినట్టు నవ్వారు" అన్నాడు. అంత పెద్ద మనిషి అలా ముడుచుకుని కూర్చుంటే ఆమెకి కోపం నిలబడలేదు, పక్కనే కూర్చుంది. ఆయన చెంబు ఎత్తి, తాగకుండా దించి, "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు. "ఏ మాటండి?" "వంటింట్లో కూర్చుని అన్న మాట. నువ్వు వంటింట్లో కూర్చోబట్టే కదా నా ఉద్యోగం నిలబడింది." ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఒప్పుకోవడం అదే మొదలు. దేవకుమారి లేచి లోపలికెళ్లి, కీర్తనల పుస్తకం కింద నుంచి మూడు ఉత్తరాలు తీసుకొచ్చింది. పందెం ఏప్రిల్ ఎనిమిది, తొమ్మిది, పది తేదీలకి మార్చామని, పదిహేనులోపు తిరుగు పడవ దొరికేలా చూసుకోండని, అసౌకర్యానికి మన్నించమని. ఎప్పుడో రాసి పెట్టింది. ఏసుపాదం వాటిని చూసి, ఆమెని చూసి, సంతకం పెట్టడానికి పీట వెతుక్కున్నాడు.

మర్నాడు దొరగారి దగ్గరికెళ్లి తేదీ మార్చాలని చెప్పొచ్చాడు. వస్తూ వస్తూ సీమ బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చాడు. "కాలువల సంగతి మా ఇంట్లో చెప్పారు సర్ అన్నాను. దొరగారు భలే నవ్వి, మీ ఆవిడ మనందరి కన్నా తెలివైనది, ఇది ఇవ్వు అని పంపారు" అన్నాడు. జ్ఞానమ్మ ఆ డబ్బాని వీధివాళ్లకి కనపడేలా కిటికీలో పెట్టింది. దేవకుమారి డబ్బా మీద బొమ్మలో ఉన్న గుర్రాన్ని చూస్తూ, "ఉత్తరాలు కూడా నేనే రాస్తానని చెప్పారా?" అంది. ఏసుపాదం తలపాగా విప్పుతూ ఆగాడు. "ఉద్యోగం ఖాయం అవ్వనీ కుమారీ. ఇప్పుడు చెబితే నాకేం వచ్చని అడుగుతారు. ఒక్క ఏడాది ఓపిక పట్టు." ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆ ఉద్యోగం పోతే ముగ్గురూ తినేది ఏంటి? అదీ నిజమే. కానీ నాలుగేళ్లకి ఒక డబ్బా బిస్కెట్లయితే ఇంకో ఏడాదికి ఏమొస్తుంది అన్న ఆలోచన మాత్రం ఆమె బుర్రలోంచి పోలేదు. ఆ బిస్కెట్లు తిన్నది. బాగానే ఉన్నాయి.

పందెం మొదలైంది. నాలుగు జట్లూ వచ్చాయి, సత్రాల్లో వంటలు కుదిరాయి, కుండల గొడవ రాలేదు. మొదటి రోజు, రెండో రోజు ఏసుపాదం దొడ్లో తెడ్డు పట్టుకుని ఆడాడు, ఆమె రాసింది. రెండో రోజు రాయడం అయ్యాక కలం పక్కన పెట్టి, "రేపు ఆఖరి ఆటకి నేను వస్తానండి" అంది. ఎక్కడికన్నాడు ఏసుపాదం. మైదానానికి అంది. "అక్కడ ఆడవాళ్లుండరు" అన్నాడు. "దొరసానులుంటారు కదా, వాళ్లకి ఆరు కుర్చీలని నేనే కదా రాసింది." "వాళ్లు దొరసానులు." "చూడకుండా రాసింది చాలండి. వస్తాను." గొంతు పెంచలేదు. ఏసుపాదం అమ్మ వైపు చూశాడు, ఆవిడైనా అడ్డం పడుతుందని. జ్ఞానమ్మ తమలపాకు ఈనె తీస్తూ తీస్తూ, "నేను దీని వయసులో నెత్తిన చేపల గంప పెట్టుకుని ధవళేశ్వరం నుంచి కడియం దాకా తిరిగాను" అంది. "సంతలో అంతమంది మగాళ్ల మధ్య కూర్చుని బేరం చేశాను. అప్పుడు నా పేరు తలుపులమ్మ. బాప్తిస్మం ఇచ్చి పాదిరిగారు జ్ఞానమ్మ అన్నారు, గౌరవమైన ఇంటి ఆడది బయట తిరక్కూడదన్నారు. ఇరవై ఏళ్లయింది, గౌరవంగా గోడలు చూస్తున్నాను. పదరా, నేనూ వస్తాను. ఈ నిమ్మకాయ యుద్ధం ఏంటో నాకూ చూడాలని ఉంది."  ఆరేళ్లుగా అత్తాకోడళ్లిద్దరూ ఒకే వంటింట్లో ఉన్నారు, దేవకుమారి తలుపులమ్మ పేరు వినడం అదే మొదటిసారి.

తీరా వెళ్తే అక్కడ కూర్చోవడానికి చోటు లేదు. దొరలకి కుర్చీలు, లెక్చరర్లకి బెంచీలు, విద్యార్థులకి జంపఖానాలు, అన్నీ దేవకుమారి వేసిన పటం ప్రకారమే ఉన్నాయి, అంగుళం తేడా లేదు. అన్ని చోట్లు రాసిన మనిషి తనకో చోటు రాసుకోలేదు. జ్ఞానమ్మ మాత్రం అవేం పట్టించుకోకుండా నీళ్లకుండల అవతల గడ్డి మీద చీర సర్దుకుని చతికిలబడి, కోడల్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. కొందరు తిరిగి చూశారు. చూసి చూసి వాళ్లే ఆట వైపు తిరిగిపోయారు.

రాజమహేంద్రవరానికీ నరసాపురానికీ ఆఖరి ఆట. అబ్బో, ఇదా క్రికెట్టు అనుకుంది దేవకుమారి. నాలుగేళ్లుగా ఉరుములు మెరుపులుగా రాసిన ఆటలో మూడొంతులు ఊరికే నిలబడడమే. తెల్లబట్టల కుర్రాళ్లు ఎండలో నిలబడి నిలబడి, బంతి ఒక్కటి వస్తే కదిలి, మళ్లీ నిలబడతారు. దొడ్లో ఆయన ఆడే ఆట ఎంత వేగంగా ఉండేది! ఆ వేగమంతా ఆయనదే అన్నమాట. నవ్వొచ్చింది. మెల్లగా ఆ నిలబడడంలో కూడా ఏదో ఉందని తెలిసింది, బంతి వచ్చే ముందు అందరూ ఊపిరి బిగబట్టే ఆ క్షణం ఆయన ఎన్నడూ చెప్పలేదు. లోలోపల నరసాపురం గెలవాలని కూడా కోరుకుంది, ఎంతైనా పుట్టింటి వైపువాళ్లు.

అప్పుడు ఏసుపాదం కనపడ్డాడు. ఇన్నాళ్లూ ఆయన చెప్పే ఆటల్లో ఆయన ఎక్కడుంటాడో ఆమె అడగలేదు. మైదానం మధ్యలో చేతులు కట్టుకుని, అందరికీ ఆజ్ఞలిస్తూ ఉంటాడని ఊహించుకుంది. ఆయన నెత్తిన కుర్చీ పెట్టుకుని వస్తున్నాడు. ఎండ తిరిగిందని దొరసానుల కుర్చీలు ఒక్కొక్కటే నీడలోకి మోస్తున్నాడు. దొరగారు చిటికె వేస్తే పరిగెత్తి గొడుగు పట్టాడు. కాలేజీ జట్టులో ఆడే ఒక జమీందారు కుర్రాడు, మీసం కూడా సరిగ్గా రాని వాడు, "ఒరే ఏసుపాదం, నా బ్యాటు తే" అన్నాడు. మద్రాసులో కసరత్తు నేర్చుకొచ్చిన మాస్టారు వెళ్లి తెచ్చి ఇచ్చాడు. ఇవతల జ్ఞానమ్మ నోట్లో ఆకు నమలడం ఆపేసింది.  ఈ మనిషి రోజూ ఇదంతా పడి, ఇంటికొచ్చి తెడ్డు పట్టుకుని నవ్వించాడా అనుకుంది దేవకుమారి. తన సంగతి ఒక్క ముక్క చెప్పలేదే. చెబితే తనేం అనుకుంటుందనా? అప్పుడే ఏసుపాదం కుండల వైపు తిరిగి భార్యని, తల్లిని చూశాడు. చూపు దించేసుకున్నాడు. దేవకుమారి మాత్రం దించుకోలేదు, ఆయన మళ్లీ తలెత్తేదాకా చూస్తూనే ఉంది.

నరసాపురం నాలుగు పరుగుల తేడాతో గెలిచింది. జమీందారు కుర్రాడే అక్కర్లేని పరుగు తీయబోయి ఔటయ్యాడు. దొరగారు మొహం మాడ్చుకుని ఏసుపాదంతో, "జాగ్రత్తగా రాయి. గాలి ఎదురుగా ఉందని రాయి" అని చెప్పి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న జ్ఞానమ్మ ఎవరూ చెప్పకుండానే లేచి పొయ్యి వెలిగించింది. "నేను వండుతాను, నువ్వు రాసుకో" అంది. దేవకుమారి అరుగు మీద కూర్చుంది. ఏసుపాదం తెడ్డు తీసుకోలేదు, తీసుకోవాల్సిన పని లేదు. ఆయన మెట్ల మీద కూర్చుని వీధి చూస్తున్నాడు.  మధ్యాహ్నానికి రాత అయింది. ఆమె కాగితాలు ఆయన చేతికిచ్చి, "చదవండి" అంది. రోజూ అయితే ఆయన చదవడు, సంతకానికి చోటెక్కడని అడుగుతాడు. ఈసారి వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు, ప్రతి వాక్యానికీ ఆగితే ఆమె అర్థం చెప్పింది. నరసాపురం బాగా ఆడి గెలిచిందని ఉంది. గాలి లేదని ఉంది. రెండో కాగితంలో ఒకచోట ఆయన వేలు ఆగిపోయింది. ఆ వాక్యాన్ని ఆమె తెలుగులో చదివి వినిపించింది: "తెల్లవారకముందే వచ్చి నేల చదును చేసి, పిచ్‌కి నీళ్లు పెట్టి, కుర్రాళ్లందరికీ బంతి పట్టడం నేర్పి, ఆట మొదలయ్యాక పక్కకి తప్పుకుని నిలబడిన మనిషి ఈ కాలేజీ జిమ్నాస్టిక్ ఇన్‌స్ట్రక్టరు శ్రీ వై. ఏసుపాదం గారు. ఆయన లేకపోతే ఈ మూడు రోజుల్లో ఒక్క బంతి కూడా పడేది కాదు."

 ఆయన కళ్లు తుడుచుకున్నాడు, చెమటన్నట్టు. తర్వాత సంతకం కోసం ఆఖరి కాగితం తిప్పాడు. అక్కడ ఖాళీ లేదు. గుండ్రటి అక్షరాలతో 'వై. దేవకుమారి' అని ఉంది.

"కింద నీ పేరుంది" అన్నాడు.

"అవునండి."

"మరి నాది?"

"మీరు పని చేసిన చోట మీ పేరు పెట్టాను. నేను చేసిన చోట నాది పెట్టుకున్నాను."

లోపల పొయ్యి దగ్గర జ్ఞానమ్మ గరిటె చప్పుడు ఆగింది.

"దొరగారు అడిగితే?" అన్నాడు ఏసుపాదం. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం దేవకుమారికీ ఉంది. ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కుర్చీలు మోసి మోసి ఆ అరచెయ్యి బరకగా ఉంది.

"నన్ను పిలవమనండి. నేనే వచ్చి చెప్తాను. అక్కడికి దారి నిన్న చూశాను కదా."

ఆయన కాగితాలు మడిచాడు. మళ్లీ విప్పి ఆ పేరు ఒకసారి చూశాడు. మళ్లీ మడిచాడు. "ఈ ఒక్కసారికేనా?" అన్నాడు.

"కాదండి" అంది దేవకుమారి. "ఇకమీదట ఉత్తరాల కింద కూడా. టపా నాలుగింటికి కట్టేస్తారు, బయల్దేరండి."